శుక్రవారం నేను ఆపిన గృహప్రవేశం

ఇల్లు కిరాయికివ్వడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా కోడలు నవ్వుతుంది. ఆమెకు ఆఫీసు ఉంది, వారానికి రెండు రోజులు సెలవు ఉంది, పైన ఒక మేనేజరు ఉన్నాడు. నాకు పంతొమ్మిదేళ్ళు సెలవన్నదే లేదు, పైన నలుగురు మేనేజర్లు ఉండేవారు. మా మేడమీది నాలుగు పోర్షన్లలో కాపురమున్న ఆడవాళ్ళే ఆ నలుగురు. నీళ్ళు రాకపోతే ఒకరు పిలిచేవారు, ట్యాంకు నిండి పొర్లితే ఇంకొకరు పిలిచేవారు. ఈ మధ్యనే తాళంచెవుల గుత్తి కోడలి చేతికిచ్చి రిటైరయ్యాను.

మీలో చాలామంది ఇప్పుడు ఫ్లాటు కొని కిరాయికిస్తున్నారు. ఫోన్లోనే ఇల్లు చూపిస్తారు, ఫోన్లోనే మాట్లాడుకుంటారు, ఇంట్లో ఎవరున్నారో ముఖమైనా చూడరు. అది తప్పనను. కానీ నేను చేసిన ఒక తప్పు మీకు చెబితే పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

నేను బడికి పోలేదు. మా నాయన సాయంత్రాలు అరుగుమీద కూర్చోబెట్టి పలకమీద అక్షరాలు దిద్దించాడు, తర్వాత పంచాంగం చూడడం నేర్పాడు. తిథి, వారం, నక్షత్రం చూసుకోగలిగితే చదువు పూర్తయినట్టేనని చాలా ఏళ్ళు అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మా ఇల్లు నానక్‌రామ్‌గూడ పాత ఊళ్ళో ఉంది. మా అత్తగారు కాపురానికొచ్చిన కొత్తలో అక్కడ బర్రెల కొట్టం ఉండేదట. చుట్టూ అద్దాల మేడలు లేస్తుంటే మేమూ ఉన్నంతలో రెండంతస్తులు లేపుకున్నాం. కింద మేము, పైన అంతస్తుకు రెండు పోర్షన్లు. ఆ ఇంట్లో ఉన్నవాళ్ళ వల్లనే మా పిల్లల చదువులు గడిచాయి. అందుకే పొద్దున దీపం వెలిగించేటప్పుడు మా వాళ్ళ పేర్లతో పాటు పోర్షన్ల వాళ్ళ పేర్లు కూడా స్వామికి చెప్పుకునేదాన్ని. ఏ పోర్షనైనా ఖాళీగా ఉంటే దాని సంగతి కాస్త గట్టిగా చెప్పేదాన్ని, ఆయనకు వినబడిందో లేదోనని.

పని చెప్పాలంటే చాలా ఉంది. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున పడుకునే పిల్లల నెత్తిమీద ఇంకొకరు రోట్లో పచ్చడి నూరకుండా చూడాలి. ఒకరి స్కూటరు వెనక ఇంకొకరి కారు పెట్టకుండా చూడాలి. ఎండాకాలం బోరు సన్నగిల్లితే నలుగురికీ ఎవరి గంట వాళ్ళకు పంచి, ఆ గంటలో మోటారు వేసి, వాళ్ళ బకెట్లు నిండేదాకా మెట్ల దగ్గర నిలబడాలి. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. మనుషులను ఎప్పుడు ఉండమనాలి, ఎప్పుడు పోనివ్వాలి, అది మాత్రం ఎవరూ నేర్పలేదు.

మొదటి అంతస్తులో తూర్పు పోర్షన్‌లో ఒక కోస్తా జంట ఆరేళ్ళున్నారు. అతను సాఫ్ట్‌వేర్, ఆమె ఇంకా చిన్నపిల్లలా ఉండే ఒక స్కూలు టీచరు. వాళ్ళ పాప మా ఇంట్లోనే పుట్టింది, మా గడపమీదే నడక నేర్చింది. ఆమె నన్ను "ఓనరమ్మ గారూ" అని పిలిచేది. ఎన్నిసార్లు వద్దన్నా ఆ "గారూ" పోలేదు.

అవి తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మా ఆయన అందులో నిండా మునిగి ఉన్నారు. ఊరేగింపు ఉందంటే అన్నం తినకుండా వెళ్ళిపోయేవారు. కిరాయికున్న అతను, మా ఆయన కలిసి ఒకటే పేపరు తెప్పించుకునేవారు. పొద్దున మెట్లమీద కూర్చొని చెరొక పేజీ పట్టుకొని వాదించుకునేవారు. "మీ నీళ్ళు, మా నీళ్ళు" అని ఇద్దరూ గొంతులు పెంచుతుంటే నేను లోపలినుంచి, "ముందు ట్యాంకుల నీళ్ళున్నయా చూడుండ్రి ఎవరన్న" అనేదాన్ని. ఇద్దరూ లేచేవారు. వీధిలో కొందరు నన్ను ఆపి, "వాళ్ళకు ఇల్లెట్ల ఇచ్చినవమ్మా" అని అడిగేవారు. "పాప మా ఇంట్లనే పుట్టింది, అది ఏ ప్రాంతమో మీరే చెప్పుండ్రి" అనేదాన్ని. వాళ్ళూ నవ్వేవారు. నవ్వనివాళ్ళు కూడా ఉన్నారు, ఆ సంగతి ఇక్కడ వద్దు.

ఆ జంట చందానగర్‌లో సొంతంగా ఫ్లాటు కొనుక్కున్నారు. ఆ మాట చెప్పడానికి స్వీటు డబ్బా పట్టుకొని వచ్చినప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి, నావి కూడా. గృహప్రవేశానికి శనివారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు లగ్నం కుదిరింది. అది దాటితే మూఢం, మూడు నెలల దాకా ఇంకో మంచిరోజు లేదని పంతులుగారు గట్టిగా చెప్పారట. ఇటు నేను ఆ పోర్షన్‌ను ఇస్తానని వేరే వాళ్ళకు మాటిచ్చేశాను. ఆదివారం పొద్దున కొత్తవాళ్ళు వచ్చి పాలు పొంగించుకోవాలి. అంటే ఆ శనివారం ముహూర్తం తప్పితే ఐదేళ్ళ పాపతో వాళ్ళకు మా ఇంట్లో చోటుండదు, సొంత ఇంట్లోకి పోవడానికి వీలుండదు.

వాళ్ళ ఆలోచన బాగానే ఉంది. శుక్రవారం సామాన్లు పంపేసి, రాత్రికి చందానగర్‌లో బంధువుల ఇంట్లో పడుకొని, పొద్దున తీరుబడిగా గృహప్రవేశం చేసుకోవాలని. నేనే ఒప్పుకోలేదు.

"శుక్రవారం ఇల్లు ఖాళీ చెయ్యొద్దు బిడ్డా. శనివారం తెల్లారి పోండ్రి."

"మాకు అలాంటి పట్టింపులేం లేవండి."

"నాకున్నయి."

శుక్రవారం నిండు కాపురం ఇల్లు విడిచిపోతే ఆ ఇంటి లక్ష్మి కూడా వాళ్ళ వెంటే పోతుందని మా అత్తగారు చెప్పేది. ఆమె ఉన్నన్నాళ్ళు ఒక్క పోర్షన్ కూడా శుక్రవారం ఖాళీ కాలేదు. నేను ఆ నియమం తప్పలేదు. ఆ నియమం ఎవరి లక్ష్మి కోసమో మాత్రం ఆ రోజు దాకా ఆలోచించలేదు.

శుక్రవారం సాయంత్రం టీవీలో చెప్పారు. తెల్లారి బంద్, రోడ్లమీదే వంటా వార్పు. ఉద్యమంలో అదొక పద్ధతి. ఊళ్ళకు ఊళ్ళు వచ్చి నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకొని, అక్కడే వరుసగా కూర్చొని తినేవారు. బండ్లు కదిలేవి కావు.

అప్పుడు కూడా ఆమె ఒక సంచిలో పాప బట్టలు సర్దుకొని కిందికి వచ్చింది.

"సామాన్లు తర్వాత చూసుకుంటామండి. మేం ముగ్గురం ఇప్పుడే వెళ్ళిపోతాం."

నేను అప్పుడే దీపం పెట్టి గుమ్మంలోకి వచ్చాను. "దీపాలు పెట్టిన వేళ, శుక్రవారం పూట, ఇల్లు విడిచి పోతరా?" అన్నాను. మా ఆయన కూడా, "ఫికర్ చెయ్యకుండ్రి, ఆరుగంటలకు బండి ఎక్కితే బంద్ మొదలుగాకముందే చేరుతరు, నాది జిమ్మ" అని మాటిచ్చారు. ఆమె నా మొఖం చూసి, సంచి మెట్టుమీద పెట్టి, మళ్ళీ పైకి వెళ్ళిపోయింది. పెద్దదాన్ని, కాదనలేకపోయింది. ఆ సంచి మెట్టుమీద పెట్టిన చప్పుడు ఇప్పటికీ నాకు వినబడుతుంది.

తెల్లవారి మా ఆయన ఐదుగంటలకే స్కూటరు తీసుకొని వంటా వార్పుకు వెళ్ళిపోయారు. ఆరింటికి వస్తానన్న సామాన్ల బండి రాలేదు. ఏడింటికి ఫోన్ చేస్తే డ్రైవరు, "బంద్‌ల బండి తీస్తే అద్దాలు మిగుల్తయా సార్" అని పెట్టేశాడు. తర్వాత ఫోనే ఎత్తలేదు. ఆమె భర్త మెట్లమీద కూర్చున్నాడు. రోజూ వాదించుకునే చోటే, ఆ రోజు ఒక్కడే. ఆమె పూజసామాను బుట్ట ఒళ్ళో పెట్టుకొని గడియారం చూస్తోంది. నన్ను ఒక మాట అన్నా బాగుండేది.

నేను దేవుడి గదిలోకి వెళ్ళాను. నా ఇంటి లక్ష్మి కదలకుండా ఉండాలని వాళ్ళ ఇంటి లక్ష్మిని గుమ్మంలో ఆపేశానని అప్పుడు అర్థమైంది. క్షమించమని అడగడానికి కూడా సమయం లేదు. చీర మార్చుకొని వీధిలోకి నడిచాను.

మా వీధి చివర షేర్ ఆటో నడిపే అతనుండేవాడు. అతని పెళ్ళిచూపులకు మా ఇంటి కుర్చీలే పోయాయి. వెళ్ళి అడిగాను.

"పెద్దమ్మా, మెయిన్ రోడ్డు మీద పోనియ్యరు."

"మెయిన్ రోడ్డు ఎవలు పొమ్మన్నరు? గోపన్‌పల్లి మీదికెళ్ళి తెల్లాపూర్ పోదాం. మా అవ్వగారి ఊరు, అక్కడి తొవ్వలన్నీ నాకెరుకే."

"ఆడికెళ్ళి?"

"ఆడికెళ్ళి దేవుడున్నడు. నువ్వు ఆటో తియ్యి."

సామాన్లు రాత్రికి బండి దొరికితే పంపుదామని ఇంట్లోనే వదిలేశాం. దేవుడి పటం, దీపపు కుందులు, గ్యాస్ పొయ్యి, ఇత్తడి గిన్నె, బిందె, పాలచెంబు, పూజసామాను, ఇవే ఎక్కించాం. పాలు నేనే మా వీధిలో పిండించి తెచ్చాను. ఎనిమిదింపావుకు బయలుదేరాం. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా నేను చెంబు పైకెత్తేదాన్ని, పాప కింద తన చెయ్యి పట్టేది. నేను పుట్టి పెరిగిన తెల్లాపూర్‌లో నాకు తెలిసిన రెండు దారులకు అడ్డంగా కొత్త ప్రహరీ గోడలు లేచాయి. లోపల ఒకేలాంటి ఇళ్ళ వరుసలు. "తొవ్వలన్నీ ఎరుకే అన్నవ్" అన్నాడు ఆటో అతను. "గోడలు ఎరుక లేదు" అన్నాను. వెనక్కి తిప్పుకొని, చుట్టు తిరిగి ముంబై హైవే ఎక్కేసరికి తొమ్మిదిన్నర దాటింది.

ఎక్కామో లేదో ఆగిపోయాం. రోడ్డుకు అడ్డంగా పది పొయ్యిలు, పొగ, జెండాలు, వరుసగా కూర్చున్న జనం. ఎదురుగా ఒక గోనెపట్టా మీద కూర్చొని ఉల్లిగడ్డలు కోస్తున్న మనిషి తలెత్తాడు. మా ఆయనే.

నన్ను చూశారు. వెంటనే ఉల్లిగడ్డ వైపు చూశారు.

"ఇంట్ల ముప్పై ఏండ్ల సంది ఒక్కనాడు కత్తిపీట ముట్టని మనిషి, ఈడ మణుగు ఉల్లిగడ్డలు కోస్తున్నడు" అన్నాను, పక్కనున్న ఆడవాళ్ళతో. వాళ్ళలో సగం మంది మా ఊరి వాళ్ళే. ఒకావిడ, "అందుకే గిట్ల లావు లావు కోసిండు" అంది. నవ్వులు. మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ లేచి వచ్చారు. ఉల్లిగడ్డల ఘాటు అన్నారు.

"బండి రాలేదా?"

"రాలే. ఇగ తొవ్వ ఇయ్యుండ్రి. లగ్నం పోతుంది."

ఆయన అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించి, "గంట కింద ఒక కంపెనీ కారును నేనే వెనక్కి మళ్ళించిన. ఇప్పుడు నా ఇంటి బండిని ఎట్ల పోనియ్య? వీళ్ళు ఏమనుకుంటరు?" అన్నారు.

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. నియమం పెట్టుకొని దాంట్లో తానే ఇరుక్కున్న మనిషి ముందు ఇంకో అలాంటి మనిషే నిలబడి ఉంది.

అంతలో మఫ్లరు కట్టుకున్న ఒకాయన కిరాయికున్న అతని దగ్గరికి వచ్చాడు. "సారుది ఏ ఊరు?" అని అడిగాడు. అతను తన ఊరు ఉన్నదున్నట్టు చెప్పాడు. "అయితే జై తెలంగాణ అను సారూ, పోనిస్తం."

పొయ్యిల దగ్గరివాళ్ళంతా మా వైపు తిరిగారు. ఆమె పాపను దగ్గరికి లాక్కుంది. అతను దేవుడి పటం రెండు చేతులా పట్టుకొని ఉన్నాడు.

"అంటానండీ. కానీ ఇప్పుడంటే దారి కోసం అన్నట్టుంటుంది, మీరూ నమ్మరు, నేనూ నమ్మను. ఈయన ఆరేళ్ళుగా రోజూ చెప్తున్నారు నాకు. మెట్లమీద సగం ఒప్పుకున్నాను, ఇంకో సగం మిగిలుంది."

మా ఆయన, "సగం కాదు, ముప్పావు" అన్నారు.

మఫ్లరాయన ఒక క్షణం చూసి నవ్వేశాడు. పెద్ద పొయ్యి దగ్గర గరిటె పట్టుకున్న మా చిన్నాయన ఇదంతా వింటున్నాడు. మా పుట్టింటి వైపు పెద్ద ఆయనే. గరిటెతో రోడ్డు చూపించాడు.

"ఏందిరా పంచాయతి? బంద్ బండ్లకు పెట్టినం, కాళ్ళకు పెట్టలే. ఆటో ఈడనే ఉంటది. ఆడబిడ్డ నడిచిపోతనంటే ఎవడు ఆపుతడు?"

ఫ్లాటు అక్కడికి కిలోమీటరున్నర. పది కావడానికి పదిహేను నిమిషాలుంది. మా ఆయన కత్తి అక్కడే పెట్టేసి, గ్యాస్ పొయ్యి భుజానికెత్తుకున్నారు. మఫ్లరాయన బుట్ట తీసుకున్నాడు. అడిగినవాళ్ళు లేరు, తీసుకున్నాడంతే. అక్కడ డప్పు కొట్టే ముగ్గురు చెట్టు నీడన కూర్చొని ఉన్నారు. వాళ్ళలో ఒకతను అడిగాడు.

"గృహప్రవేశమంటున్నరు, మేళం ఏదమ్మా?"

"చెప్పుకున్నామండీ. బంద్ అని రామన్నారు" అంది ఆమె.

ఆ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "బంద్ పెట్టింది మేమైతే, మేళం మేమే కొట్టాలె గద" అని లేచారు.

అలా నడిచాం. ముందు డప్పులు, వాటి వెనక దేవుడి పటంతో అతను, బిందెతో ఆమె, పాలచెంబుతో నేను, పొయ్యితో మా ఆయన. ఉద్యమంలో ఏ దెబ్బ కొడతారో ఆ దెబ్బే కొట్టారు, వాళ్ళకు వేరేది గుర్తురాలేదనుకుంటాను. ఖాళీ హైవే మీద ఆ డప్పు ఎంత దూరం వినబడిందో మాకు తెలియలేదు. పాప మాత్రం అడుగు తప్పకుండా ఎగురుతూ నడిచింది.

ఎంత దూరం వినబడిందో అపార్ట్‌మెంటు ముందుకు వచ్చాక తెలిసింది. డప్పులు, ఉద్యమం కండువాలు చూసి వాచ్‌మన్ గేటుకు తాళం వేసేశాడు. పై అంతస్తుల్లో కిటికీలు మూసుకున్నాయి.

"తాళం తియ్యి బాబూ, నాది మూడో అంతస్తు" అన్నాడు అతను.

"ఎవరైనా సరే సార్. ఊరేగింపు లోపలికి రానియ్యొద్దని చెప్పినరు."

"ఊరేగింపు కాదయ్యా, గృహప్రవేశం."

"గిన్ని డప్పులతోనా?" అన్నాడు వాచ్‌మన్. అతని అనుమానంలో తప్పు లేదు.

పది గంటల ఎనిమిది నిమిషాలు. మా ఆయన కండువా తీసి జేబులో కుక్కారు. అది చూసి నాకు ఎందుకో బాధ వేసింది. "కట్టుకోండ్రి" అన్నాను. చెంబు ఆమెకిచ్చి గేటు పట్టుకొని నిలబడి, గొంతెత్తి పంతులుగారిని పిలిచాను. ముందురోజే వచ్చి వాళ్ళ బంధువుల ఇంట్లో పడుకొని, పొద్దున్నే వాళ్ళతో పైకి చేరిన మనిషి ఆయన. అరిచి చాలా ఏళ్ళయింది నాకు. మోటారు కట్టెయ్యమని మేడపైకి అరిచిన గొంతు, పనికొచ్చింది. మూడో అంతస్తు బాల్కనీలోకి పంచాంగం పట్టుకొని వచ్చి, ఆయన వాచ్‌మన్‌ను గదమాయించారు.

"తలుపు తియ్యవయ్యా. పది నిమిషాలు లేదు లగ్నానికి. తియ్యకపోతే ఆ దోషం నీకు చుట్టుకుంటుంది."

వాచ్‌మన్ చెయ్యి తాళం మీదికి పోయింది. అందరం మెట్లెక్కాం. కరెంటు కోతల రోజులు కదా, లిఫ్టు కూడా లేదు.

పది గంటల పదహారు నిమిషాలకు ఆ దంపతులు కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళారు. పటం తూర్పు గోడకు ఆనించారు. పొయ్యి వెలిగించి, చెంబులో మిగిలిన పాలు గిన్నెలో పోశారు. ఆ గుంతల్లో సగం పోగా సగం మిగిలాయి, అంత కొంచెం పాలు పొంగడానికి ఎంతసేపూ పట్టలేదు. తూర్పుకే పొంగాయి. ఎవరో "మంచిగ పొంగినయ్" అన్నారు. డప్పు ఒక్కసారి మోగింది. ఆమె నా వైపు చూసింది. నేను ఇంకా గుమ్మం బయటే ఉన్నాను. ఏ పోర్షన్ తలుపు దగ్గరైనా పిలిచిందాకా బయట ఆగడం నా అలవాటు.

ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నావల్ల గిట్ల అయింది బిడ్డా. నిన్న పోనిస్తే..." అన్నాను.

"నిన్న వచ్చుంటే మేం ముగ్గురం, పంతులుగారు, నలుగురు చుట్టాలు, అంతేనండి. ఇంతమంది ఎక్కడ దొరికేవారు?" అని లోపలికి తీసుకెళ్ళింది. స్వామి ఒక్కోసారి మన తప్పును కూడా వాడుకుంటాడు. దానికి నేను ఆయనకు రుణపడి ఉన్నాను. అందుకని తప్పు ఒప్పు కాదు. ఆ తర్వాత ఖాళీ చేసే ఎవరినైనా నేను అడిగే మాట ఒక్కటే, మీకు ఏ రోజు వీలు అని.

డప్పు కొట్టేవాళ్ళలో ఒకతనికి ఊరకే ఉండబుద్ధి కాలేదు. గుమ్మానికి మామిడి తోరణం లేదని చూసి, కిందికి వెళ్ళి ఎక్కడినుంచో కొమ్మ తెచ్చాడు. ఒక మేకు, రాయి సంపాదించి గోడకు పెట్టాడు. రాయి ఎత్తాడో లేదో లోపలినుంచి ఆమె పరుగున వచ్చింది.

"అయ్యో, గోడకు మేకు కొట్టకండి అండి. కొత్త సున్నం, పెచ్చు లేస్తుంది. దారంతో కట్టుకోవచ్చు కదా."

అనేసి, నన్ను చూసి ఆగిపోయింది. ఆరేళ్ళు ఆ మాట నా నోట ఎన్నిసార్లు విన్నదో ఆమెకే తెలుసు. ముందు తను నవ్వింది. నేను పూజసామాను బుట్టలోంచి దారపుండ తీసి అతని చేతిలో పెట్టాను.